ఇంట్లో మాంసం కోళ్లు: బ్రాయిలరా, వనరాజానా, నాటుకోడా? ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

ఇంటి అవసరానికి పదీ ఇరవై మాంసం కోళ్లను పెంచుకోదలచినవారు సాధారణంగా ముందు అడిగేది ఏ జాతి మంచిదన్న ప్రశ్న. ఎంత స్థలం ఉంది, మధ్యాహ్నం పూట ఇంటి దగ్గర ఎవరుంటారు, కోసుకోవడానికి ఎన్ని వారాలు ఆగగలరు అన్న సంగతులు పిల్లలు ఇంటికి వచ్చాక గాని గుర్తుకు రావు. ఈ వరుసను తిరగేసుకోవాలని నా గట్టి అభిప్రాయం. బ్రాయిలర్ గాని, వనరాజా గాని, నాటుకోడి గాని దేనికదే మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఒక ఇంటికి చక్కగా కుదిరిన కోడి పక్కింటివారికి నష్టం తెచ్చిపెట్టడం నేను పలుమార్లు చూశాను.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇంటి పెంపకానికి దొరికే మాంసం కోళ్లు ప్రధానంగా మూడు తరగతులు. నలభై రోజుల్లో కోతకు వచ్చే తెల్ల బ్రాయిలర్ ఒకటి. పెరట్లో తిరుగుతూ మూడు నాలుగు నెలల్లో ఎదిగే వనరాజా వంటి మెరుగుపరచిన రంగుకోళ్లు రెండోవి. ఆరు నెలలు పట్టినా తనంతట తానే పొదిగి పిల్లలను పెంచుకునే నాటుకోడి మూడోది. అసీల్, కడక్‌నాథ్ వంటివి నాటు జాతులే అయినా వాటి ధర, స్వభావం వేరు కనుక వాటిని విడిగా చూడవలసి ఉంటుంది.

బ్రాయిలర్: మేత లెక్కలో ముందు, ఎండలో వెనుక

కేవలం మేత లెక్క చూస్తే బ్రాయిలర్‌తో ఏ కోడీ పోటీ పడలేదు. అది 38 నుంచి 42 రోజుల్లో రెండు కిలోలు దాటుతుంది, ఆ బరువుకు రావడానికి దాదాపు మూడున్నర కిలోల దాణా తింటుంది. వనరాజాను పూర్తిగా గూటిలోనే ఉంచి, కొన్న దాణాతోనే రెండు కిలోలకు పెంచాలంటే పన్నెండు వారాలు, ఐదారు కిలోల దాణా ఖర్చవుతాయి. అంటే పెరడు లేకుండా, డాబా మీదనో షెడ్డులోనో పెంచేవారికి దాణా బస్తా మోసే బరువు వనరాజాతో ఒకటిన్నర రెట్లకు పైగా వస్తుంది. పెరడు లేనివారు నాటురుచి కోసం రంగుకోళ్లను గూటిలో పెట్టి పెంచడం డబ్బు లెక్కలో ఎందుకు కుదరదో ఈ ఒక్క పోలికతో తెలిసిపోతుంది.

అయితే ఈ వేగానికి కొన్ని షరతులు ఉన్నాయి. బ్రాయిలర్ పురుగులను ఏరుకుంటూ తిరిగే కోడి కాదు, దాణా తొట్టి పక్కనే కూర్చుంటుంది. దానికి నూకలు, తవుడు, ఇంట్లో మిగిలిన అన్నం పెట్టి పెంచుదామనుకుంటే ఎదుగుదల ఆగిపోతుంది, కాళ్లు నిలబడవు. మొదట్లో 22 నుంచి 23 శాతం, చివరి వారాల్లో 20 శాతం వరకు మాంసకృత్తులున్న దాణా కొనే తీరాలి. ఇక రెండో షరతు చాలామంది మరచిపోయేది. ఆరు వారాలు దాటాక శరీరం బరువు కాళ్లకు, గుండెకు మించిపోతుంది. పండుగకు ఉంచుదామని మరో మూడు వారాలు ఆపిన కోళ్లు ఉన్నట్టుండి వెల్లకిలా పడి చనిపోవడం, కుంటుతూ తొట్టి దాకా కూడా నడవలేకపోవడం తరచుగా జరుగుతుంది. అందుచేత బ్రాయిలర్ పిల్లలను తెచ్చేరోజే కోత తేదీని గోడ మీద రాసుకోవాలి. ఇరవై కోళ్లు ఒక్కసారిగా కోతకు వస్తాయి గనుక వాటిని ఎవరితో పంచుకోవాలో, ఎంత ఫ్రిజ్‌లో పడుతుందో కూడా అప్పుడే తేల్చుకోవడం మేలు.

మన ఎండలు మూడో షరతు. నేను ఒక ఏడాది మార్చి నెలాఖరులో ఇరవై పిల్లలను తెచ్చాను. మే మొదటి వారానికి అవి కిలోన్నర దాటి ముచ్చటగా ఉన్నాయి. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, మేము పెళ్లికి వెళ్లి సాయంత్రం తిరిగివచ్చాము. రేకుల కింద రెక్కలు పరచి, నోళ్లు తెరచుకుని ఏడు కోళ్లు చనిపోయి ఉన్నాయి. మిగిలినవి రెండు రోజులు మేత ముట్టలేదు. తప్పు పూర్తిగా నాదే, ఆ కాలంలో ఆ కోడిని ఎంచుకోకుండా ఉండవలసింది. ఏప్రిల్, మే నెలల్లో బ్రాయిలర్‌ను పెంచక తప్పనివారు ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు మేత తీసివేయాలి, రేకుల మీద గడ్డి పరచి తడపాలి, పక్కలకు తడి గోనెపట్టాలు కట్టాలి, చల్లని నీరు గంటకొకసారి మార్చాలి. ఇదంతా చేయడానికి మధ్యాహ్నం ఇంట్లో మనిషి ఉండాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంటికి ఎండాకాలంలో బ్రాయిలర్ తగదని ఖచ్చితంగా చెప్పగలను. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మాత్రం, పగలు మనిషి ఉండే ఇంటికి అది మంచి ఎంపికే.

స్థలం సంగతికి వస్తే, కోతకు వచ్చేసరికి ఒక్కో బ్రాయిలర్‌కు కనీసం ఒక చదరపు అడుగు కావాలి, ఇంటి పెంపకంలో ఇంకాస్త ఎక్కువ ఇస్తేనే వాసన అదుపులో ఉంటుంది. నేల మీద రెండు మూడు అంగుళాల మందాన ఊక పరచి, రోజు విడిచి రోజు తిరగేయాలి. ఊక ఎలా ఉందో తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కరలేదు. నీటి తొట్టి పక్క నుంచి గుప్పెడు ఊక తీసి గట్టిగా పిడికిలి బిగించి, చేయి తెరిచి చూడండి. పొడిపొడిగా విడిపోతే బాగున్నట్టు, లడ్డూలా ముద్ద కట్టి నిలిస్తే తేమ ఎక్కువైనట్టు. అలాగే ఒకసారి మోకాళ్ల మీద వంగి, కోడి ముక్కు ఉండే ఎత్తులో గాలి పీల్చి చూడండి. మీ కళ్లు మండుతున్నాయంటే ఆ కోళ్లు రాత్రంతా ఆ ఘాటులోనే ఉన్నట్టు. గోడకు గోడ ఆనుకుని ఇళ్లున్న వీధిలో పొరుగువారితో మాట రాకుండా ఉండాలన్నా ఈ పరీక్షలు తప్పనిసరి.

వనరాజా, దాని తోటివి

కనీసం పది సెంట్ల పెరడు, నాలుగు చెట్ల నీడ, చుట్టూ కంచె ఉన్న ఇంటికి నేను ముందుగా సూచించేది వనరాజానే. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆధ్వర్యంలో నడిచే కోళ్ల పరిశోధన సంచాలకాలయం దీనిని పెరటి పెంపకం కోసమే రూపొందించింది. రంగురంగుల ఈకలు, కాస్త పొడవైన కాళ్లు, తిరిగి మేత ఏరుకునే చురుకు, రోగాలను తట్టుకునే శక్తి దీని గుణాలు. బాగా చూసుకుంటే పుంజులు పన్నెండు నుంచి పద్నాలుగు వారాల్లో రెండు కిలోల దగ్గరకు వస్తాయి, కేవలం పెరటి మేత మీద వదిలేస్తే అదే బరువుకు నాలుగైదు నెలలు పడుతుంది. పెట్టలను ఉంచుకుంటే ఆరో నెల నుంచి గుడ్లు పెడుతూ ఏడాదికి నూరు, నూటపది వరకు ఇస్తాయి. పుంజులను కూరకు, పెట్టలను గుడ్లకు ఉంచుకునే ఈ వెసులుబాటు బ్రాయిలర్‌లో లేదు.

కొనేముందు వనరాజా పరిమితులు కూడా తెలియాలి. మొదటి ఐదారు వారాలు దానికీ బ్రాయిలర్ పిల్లలంత శ్రద్ధ కావాలి, వెచ్చదనమూ మంచి దాణా లేకపోతే తరువాత ఎంత పెరడున్నా ఆ లోటు పూడదు. శరీరం బరువైనది కనుక నాటుకోడిలా చెట్టెక్కి తప్పించుకోలేదు, కుక్కలకు, ముంగిసలకు సులభంగా చిక్కుతుంది. పెట్టలు సాధారణంగా పొదుగుకు కూర్చోవు. ఇది సంకరం కాబట్టి దాని గుడ్లను పొదిగించి తీసిన పిల్లలలో తల్లిదండ్రుల ఎదుగుదల నిలవదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అన్నట్టుగా గుంపు చెదిరిపోతుంది. కాబట్టి ప్రతిసారీ పిల్లలను కొనవలసిందే.

గ్రామప్రియ, శ్రీనిధి కూడా అదే సంస్థ నుంచి వచ్చినవి. గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల కోడి, మాంసం మీదే దృష్టి ఉన్నవారు దానిని తీసుకుంటే నిరాశపడతారు. శ్రీనిధి రెండింటికీ పనికివస్తుంది. పశువైద్య విశ్వవిద్యాలయం తీసుకువచ్చిన రాజశ్రీ గట్టిదే అయినా బరువులో వనరాజాకు తీసికట్టే.

రుచి విషయంలో ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. నాటుకోడి రుచి వస్తుందని వనరాజాను కొని, పదో వారంలోనే కోసి, ఇది బ్రాయిలర్‌లాగే ఉందని పెదవి విరిచేవారు చాలామంది. పదో వారంలో అది నిజంగానే లేత మాంసం. పదహారు వారాలు దాటి, పెరట్లో తిరిగి, జొన్నలూ పురుగులూ తిన్న పుంజులో కండ గట్టిపడి, ఎముక చిక్కబడి, పులుసుకు తగిన రసం వస్తుంది. అంతకాలం ఆగలేనివారు ఆ రుచిని ఆశించకూడదు.

నాటుకోడి: తక్కువ ఖర్చు, ఎక్కువ ఓపిక

నాటుకోడి ఆరు నెలలకు కిలోంపావు నుంచి కిలోన్నర తూగుతుంది. ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడుతుంది. ఈ అంకెలు చూసి దానిని తీసిపారేయడం తొందరపాటు. అది కొన్న దాణా మీద బతికే కోడి కాదు. గాదె కింద రాలిన గింజలు, చెదలు, పశువుల కొట్టంలోని పురుగులు, సాయంత్రం వేసే గుప్పెడు నూకలు దానికి చాలు. పది పన్నెండు గుడ్లను పొట్ట కింద పెట్టుకుని 21 రోజుల్లో పిల్లలను తీస్తుంది, గద్ద నీడ కనిపిస్తే ఒక్క కూతతో పిల్లలన్నిటినీ రెక్కల కిందకు చేర్చుతుంది. బల్బు, థర్మామీటరు, దాణా బస్తా ఏవీ లేకుండా సాగే పెంపకం ఇదొక్కటే. పల్లెలో పొలం పనులున్న ఇంటికి, నెలకు ఒకటి రెండు కోళ్లు చాలుననుకునేవారికి ఇంతకంటె తగినది లేదు. పట్టణంలో మాత్రం దీనిని కంచె ఆపలేదు, ఎగిరి పక్కింటి తులసి కోటను తవ్వి వస్తుంది.

నాటుకోడిలో నష్టమంతా మొదటి ఎనిమిది వారాల్లోనే. పన్నెండు పిల్లలు దిగితే కాకి, గద్ద, పిల్లి, రోగం కలిసి సగం మిగిల్చితే అదృష్టమనుకునే పరిస్థితి చాలా ఇళ్లలో ఉంది. ఆ ఎనిమిది వారాలూ పగటిపూట తల్లినీ పిల్లలనూ గంప కింద గాని వలకట్టిన చిన్న ఆవరణలో గాని ఉంచి, టీకా వేయిస్తే మిగిలే పిల్లల సంఖ్య ఏ కొత్త జాతీ ఇవ్వలేనంత మార్పు చూపుతుంది. నాటుకోడి లాభసాటి కాదని చెప్పేవారిలో ఈ పని చేసి చూసినవారు అరుదు.

అసీల్‌ది మన నేలలో పాతుకున్న పేరు. డేగ, కాకి, నెమలి, సవల అంటూ ఈక రంగులను బట్టి పిలుచుకునే ఈ జాతి పుంజులు పూర్తిగా ఎదిగితే మూడు నాలుగు కిలోలు తూగుతాయి. మాంసం గట్టిగా, రుచిగా ఉంటుంది, పెట్టలు పిల్లలను బాగా సాకుతాయి. కాని ఎదుగుదల నెమ్మది, గుడ్లు తక్కువ. పుంజులు నాలుగో నెల నుంచే ఒకదానినొకటి రక్తం వచ్చేలా పొడుచుకుంటాయి కనుక విడివిడిగా కట్టాలి. పైగా వాటి ధరను నిర్ణయించేది కూర కాదు, చట్టం నిషేధించిన పందెం. కూరకోసం పెంచేవారు ఆ ధర పెట్టి తెచ్చుకోవలసిన అవసరం లేదు. కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కోడి, 2018లో భౌగోళిక గుర్తింపు పొందింది. నల్లని మాంసం, తక్కువ కొవ్వు దాని ప్రత్యేకతలు. పుంజు కూడా రెండు కిలోలు దాటడం కష్టం, పిల్ల ధర మాత్రం ఎక్కువ. ఔషధ గుణాల ప్రచారాన్ని నమ్మి ఇంటి కూర కోసం దానిని ఎంచుకోవడం నాకు సమంజసంగా తోచదు.

వీధుల్లో బుట్టలతో అమ్మే గులాబీ, పచ్చ రంగులు పూసిన పిల్లలను ఈ పోలికలోకి తీసుకురావద్దు. వాటిలో చాలావరకు గుడ్ల కోళ్ల హేచరీలు వద్దనుకున్న పుంజుపిల్లలు. ఎంత మేపినా కండ పట్టవు, టీకా కూడా ఉండదు.

ఒకరోజు పిల్లలా, నెల పిల్లలా?

జాతి తేలాక మరో ఎంపిక ఉంది, మొదటిసారి పెంచేవారికి ఇదే ఎక్కువ ముఖ్యమని నేను భావిస్తాను. రంగుకోళ్ల పిల్లలు ఒకరోజు వయసులో చవకగా దొరుకుతాయి, కొన్ని కేంద్రాలలో నాలుగు నుంచి ఆరు వారాలు పెంచి, టీకాలు వేసి అమ్ముతారు. రెండోవాటి ధర మూడు నాలుగింతలు అనిపించినా, చనిపోయే పిల్లలను, దాణాను, కరెంటును, మీ నిద్రను లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా చాలావరకు తగ్గిపోతుంది. తొలిసారి పది కోళ్లు పెంచేవారు నెల దాటిన పిల్లలనే తీసుకోవాలని నా సలహా.

ఒకరోజు పిల్లలనే తెచ్చుకునేవారు మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం ఇచ్చి, ఆపై వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. పిల్లకు రెండు వాట్ల లెక్కన వేడినిచ్చే పాతరకం బల్బు (ఎల్ఈడీ కాదు) వేసి, చుట్టూ అడుగున్నర ఎత్తున అట్టముక్క గుండ్రంగా నిలిపితే సరిపోతుంది. థర్మామీటరు కంటె పిల్లలే బాగా చెబుతాయి. రాత్రి తొమ్మిదింటికి చప్పుడు చేయకుండా వెళ్లి చూడండి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుమంటుంటే చలి, అట్ట అంచుకు చేరి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి, కాళ్లు చాపుకుని అక్కడక్కడా చెదిరి నిద్రపోతుంటే అంతా సరిగా ఉన్నట్టు.

ఇంట్లో పొదుగుకు కూర్చున్న నాటుపెట్ట ఉంటే ఈ శ్రమ కూడా అక్కరలేదు. గుడ్లు పిల్లలయ్యే సమయానికి వనరాజా పిల్లలను తెప్పించి, చీకటి పడ్డాక ఒక్కొక్కటిగా దాని పొట్ట కింద పెడితే తెల్లవారేసరికి అది వాటిని తన పిల్లలుగానే ఎంచుకుంటుంది. పెట్టకు ముందే పేలు పోయే మందు, పురుగుల మందు ఇచ్చి ఉంచాలి. ఎంచుకోవడమంటే ఒకే జాతికి కట్టుబడడం కాదని నేను గ్రహించింది ఇలాంటి కలయిక వల్లనే. ఒక నాటుపెట్ట తల్లిగా, పది వనరాజాలు పిల్లలుగా ఉన్న పెరడు ఈ రెండింటి లోపాలనూ చాలావరకు కప్పేస్తుంది.

రోగం విషయంలో జాతుల మధ్య తేడా ఉందిగాని మినహాయింపు లేదు. నాటుకోడికి జబ్బులు రావన్నది ప్రమాదకరమైన నమ్మకం. కొక్కెర తెగులు వచ్చిందంటే టీకా లేని గుంపు నాటుదైనా వారం రోజుల్లో ఖాళీ అవుతుంది. ఐదు నుంచి ఏడో రోజు మధ్య ఈ తెగులుకు టీకా అయిన లాసోటా చుక్క కంట్లో వేయాలి, పిల్ల రెప్పవేసి చుక్కను లోపలికి తీసుకునే వరకు చేతిలోనే ఉంచాలి. రెండో వారంలో గంబోరో రోగానికి టీకా, నాలుగో వారంలో మళ్లీ లాసోటా, ఎనిమిది వారాలు దాటి ఉంచుకునే కోళ్లకు ఆర్టూబీ సూది (ఇదీ కొక్కెర తెగులు టీకాయే), మశూచి టీకా అవసరం. బ్రాయిలర్ ఆరు వారాల్లోనే వెళ్లిపోతుంది కనుక చివరి రెండూ దానికి పనిలేదు. టీకా సీసా వంద, అంతకు మించిన మోతాదులతో వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. అందువల్ల మీ వీధిలో నాలుగైదు ఇళ్లవారు కలిసి, పశువైద్యశాలలో అడిగి, ఒకేరోజు వేయించుకోవడం మంచి పద్ధతి. వానాకాలంలో నేల తడిసి రక్త పారుడు వస్తుంది, గూటిలో పెరిగే గుంపులలో అది ఎక్కువ. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ వచ్చిన తరువాత, బయట తిరిగే కోళ్లు కొంగలు వాలే చెరువుగట్టుకు వెళ్లకుండా చూసుకోవడం కూడా మన బాధ్యతలో భాగమైంది. కారణం తెలియకుండా ఒకేసారి కోళ్లు చనిపోతే వాటిని కోసి తినవద్దు, పంచవద్దు, వెంటనే పశువైద్యునికి చెప్పండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పెరడు లేదు, పగలు మనిషి ఉంటారు, నెలన్నరలో ఫ్రిజ్ నిండా మాంసం కావాలి అంటే చలికాలంలో బ్రాయిలర్. పెరడు ఉంది, నాలుగు నెలలు ఆగగలరు, గుడ్లు కూడా కావాలి అంటే వనరాజా, అందులోనూ తొలిసారికి నెల పిల్లలు. పెరడూ పశువులూ పొలమూ ఉన్నాయి, దాణాకు డబ్బు పెట్టడం ఇష్టం లేదు అంటే నాటుపెట్టలు మూడు, ఒక పుంజు. పెరడు లేదు, పగలు ఇంట్లో ఎవరూ ఉండరు అంటే ఏ కోడినీ తేవద్దు, నమ్మకమైన పెంపకందారు దగ్గర కొనుక్కోవడమే మీకూ కోడికీ మేలు.

కనుమ నాడు సొంత కోడి కూర వండాలనుకునేవారు జనవరి మధ్య నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. నాటుకోడి కావాలంటే జూన్ నెలాఖరులోనే పెట్టను గుడ్ల మీద కూర్చోబెట్టాలి, పిల్లలు దిగేది వానల్లో కనుక గూడు పొడిగా ఉందో లేదో ముందే చూసుకోవాలి. వనరాజా అయితే ఒకరోజు పిల్లలు అక్టోబరు మొదటి వారానికి ఇంట్లో ఉండాలి, వాటి కోసం సెప్టెంబరు మొదట్లోనే పేరు రాయించుకోవడం మంచిది. నెల పిల్లలైతే నవంబరు మొదటి వారం వరకు ఆగవచ్చు. బ్రాయిలర్‌కు డిసెంబరు ఆరు, ఏడు తేదీలు సరిపోతాయి, ఆ నెల చలికి రాత్రిపూట బల్బు మరో వారం ఎక్కువ వేయవలసి వస్తుంది.